జపాన్ బండిని కొనుడు అల్కనే తమ్మీ.. సాకుడే కష్టం

అత్తాపూర్ల ఇంటి నంబర్ ఎవలూ అడగరు, పిల్లర్ నంబర్ అడుగుతరు. మెహదీపట్నం కాడ ఎక్కి ఆరాంఘర్ కాడ దిగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009ల వచ్చిన సంది అడ్రస్‌లన్నీ గట్లనే అయినయి. పైన పదకొండున్నర కిలోమీటర్లు సిగ్నల్ లేకుంట ఎయిర్‌పోర్ట్ దిక్కు ఉరికే కార్లు. కింద పిల్లర్ల ఎంబడి టైర్ల దుకాన్లు, డెంటింగ్ పెయింటింగ్ షెడ్లు, సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేటోళ్లు. గా పిల్లర్ల ఎనక గల్లిల ఒక షెడ్డు ఉంది. మొన్న ఐతారం మా అక్క కొడుకు నన్ను ఆడికి తోల్కపోయిండు.

సంగతేందంటే, షాద్‌నగర్ అవుతల మా అక్కోళ్ల భూమి కొంత రోడ్డు కింద పోయింది. పైసలు వచ్చినయి. పైసలు వచ్చిన ఇంట్ల ఏమైతదో మీకు తెల్వంది కాదు. అక్క ఇల్లు కడ్తనంటది, బావ ప్లాటు కొంటనంటడు. పోరడు ఫోన్‌ల ఒక బండి బొమ్మ పెట్టుకోని తిరుగుతుండు. తెల్ల రంగు మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్. ఎనక రెక్క, ముంగట బానెట్ మీద గాలి పోయేటందుకు బొక్కలు. "మామా, స్టేజ్ టూ చేసిన బండి, నాలుగు వందల హార్స్ పవర్" అన్నడు. అమ్మేటాయన గట్ల చెప్పిండట. నాకు స్టేజ్ అంటే మీటింగుల కోసం బల్లలు ఏసి కట్టే స్టేజే ఎరుక. ఇది ఏం స్టేజో తెలుసుకుందామని వాని ఎంబడి పోయిన. ఆ షెడ్డు ఉస్తాద్ తోటి పొద్దంత కూసోని ఇన్నది, ఆడికెల్లి వచ్చినంక నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే గీ పిచ్చి మా పోరనికి ఒక్కనికే లేదు.

ముందు, జపాన్ బండ్ల మీదనే ఎందుకు గింత మోజు? దానికి ఒక కథ ఉంది. 1989 కాడ జపాన్ల కార్ల కంపెనీలన్నీ ఒక మాట అనుకున్నయి, 280కి మించిన హార్స్ పవర్ ఉన్న బండి అమ్మొద్దని. చట్టం కాదు, ఉత్త పెద్దమనుషుల ఒప్పందమే. 2004 దాక గది నడిచింది. అయితే కాయిదం మీద 280 అని రాసి, లోపట ఇంజిన్‌ను మాత్రం ఇంకా ఎక్కువ తట్టుకునేటట్టు చేసిండ్రు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌ల పెట్టిన ఆర్‌బీ26 ఇంజిన్ గసోంటిదే. ఇనుప బ్లాక్, రెండు టర్బోలు. జర గెలికితే చాలు, పవర్ మస్తు పెరిగేది. గీ ముచ్చట సినిమాల పొంట, వీడియో గేమ్‌ల పొంట లోకమంత పాకింది. మన ఊళ్లె స్ప్లెండర్ నడిపే పోరడు సుత జీటీ-ఆర్ పేరు చెప్తడంటే కారణం గదే.

ఇగ స్టేజ్ సంగతి. ఇప్పటి బండ్లల్ల పెట్రోల్ ఎంత పోవాలె, నిప్పురవ్వ ఎప్పుడు పడాలె, టర్బో గాలి ఎంత దొబ్బాలె అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెప్తది. ఆ లెక్కలు మార్చుడే రీమ్యాప్. ఇంకేం ముట్టుకోకుంట లెక్కలే మారిస్తే స్టేజ్ వన్ అంటరు. గాలి ఫిల్టర్, సైలెన్సర్ పైపు, ఇంటర్‌కూలర్ గిట్ల మార్చి లెక్కలు మారిస్తే స్టేజ్ టూ. టర్బోనే పెద్దది పెడితే స్టేజ్ త్రీ. ఇవేం సర్కారు పెట్టిన పేర్లు కావు, ఒక్కో షాపుల ఒక్కో లెక్క. గందుకే ఉస్తాద్ మా పోరన్ని మొట్టమొదలు అడిగింది పవర్ గురించి కాదు. "ఏమేం పార్టులు మార్చిండ్రు? బిల్లులున్నయా? పాత పార్టులు ఉన్నయా?" అని అడిగిండు. పోరని కాడ ఒక్క దానికి జవాబు లేదు.

ఎవో టెన్‌ల ఉన్నది రెండు లీటర్ల టర్బో ఇంజిన్, కంపెనీ నుంచే దాదాపు 290 హార్స్ పవర్ తోటి వచ్చింది. నాలుగు చక్రాలకు పవర్ పోతది. దాన్ని నాలుగు వందలు చేయొచ్చు, చేసినోళ్లు శానా మంది ఉన్నరు. కాని పెట్రోల్ కాడ లెక్క తప్పుతది. జపాన్ల బంకులకు పోతే రెండు రకాల పెట్రోల్ ఉంటది. మంచి రకం ఆక్టేన్ 100 దగ్గర ఉంటది. మన బంకుల మామూలు పెట్రోల్‌కు ఆక్టేన్ గంత ఉండది. ఆక్టేన్ అంటే ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుంట ఆగే శక్తి. టర్బో గాలిని దొబ్బుతాంటే సిలిండర్ల ఒత్తిడి, వేడి పెరుగుతయి. రవ్వ పడకముందే, లేకుంటే పడ్డంక ఇంకో మూలకెల్లి పెట్రోల్ దానంతట అదే అంటుకుంటే పిస్టన్ నెత్తి మీద సుత్తె తోటి కొట్టినట్టే. దాన్నే నాకింగ్ అంటరు. కంపెనీ బండి అయితే సెన్సర్ పసిగట్టి రవ్వను ఎనకకు జరుపుతది, పవర్ తగ్గుతది గని ఇంజిన్ బతుకుతది. రీమ్యాప్ చేసేటోడు పవర్ తగ్గొద్దని గా సెన్సర్ మాటను తక్కువ చేస్తే, నువ్వు సౌండ్ ఇని మురుస్తుంటవ్, లోపట పిస్టన్ పగుల్తుంటది.

దానికి తోడు ఇప్పుడు మన పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువే, గది మంచిదే. కాని అది గాలిల తేమను గుంజుకుంటది. ఈ పెట్రోల్ కోసం తయారు కాని పాత బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు దాని తోటి పాడయ్యే ప్రమాదముంది. నెలల తరబడి షెడ్డుల పండబెట్టి పెండ్లికో పండుగకో తీసే బండికి ఇంకా కష్టం. ఉస్తాద్ ఒక ఫ్యూయల్ పైపు ముక్క చేతుల పెట్టిండు. ఒత్తితే పగుళ్లు కనవడ్డయి. "దీని పక్కకే టర్బో కాల్తుంటది భాయ్" అన్నడు. అంతే, ఇంకేం చెప్పలే.

టర్బో అంటే ఏందో మన భాషల చెప్పాలంటే, సైలెన్సర్ దిక్కు పోయే పొగ తోటి తిరిగే పంకా. ఒక దిక్కు పొగ తిప్పుతది, ఇంకో దిక్కు అదే ఇరుసు మీదున్న పంకా గాలిని ఇంజిన్‌లకు నూకుతది. నిమిషానికి లక్షకు మించి తిరుగుతది. పొగ దిక్కున్న భాగం ఎర్రగ కాల్తది. గంత వేగంగ తిరిగే ఇరుసును కాపాడేది ఇంజిన్ ఆయిల్ పొర ఒక్కటే. అందుకే ఈ బండ్లకు ఆయిల్ అంటే నెత్తురే. పది వేల కిలోమీటర్లకు మార్చుమని ఏ మామూలు కారు పుస్తకంల రాసి ఉన్నా, మోడిఫై చేసిన టర్బో బండికి అయిదు వేలకే మారుస్తనని ఉస్తాద్ చెప్పిండు. అది సుత మంచి సింథటిక్ ఆయిల్. పొద్దుగాల స్టార్ట్ చేయంగనే రేజ్ చేయొద్దు, ఆయిల్ కాగే దాక నిమ్మళంగ నడపాలె. గట్టిగ నడిపి వచ్చినంక టక్కున కీ తీయొద్దు, ఒక నిమిషం రెండు నిమిషాలు ఉత్తగ నడవనియ్యాలె. లేకుంటే ఆయిల్ టర్బోల ఆగి మాడి బొగ్గయితది. మా పోరడు ఇది ఇని "గంతేనా మామా, అల్కనే" అన్నడు. కాదు. రోజూ చేసుడు అల్క కాదు. బర్రెను కొన్నోనికి తెలుస్తది, కొన్ననాడు అందరు చూడొస్తరు, పెండ తీసేతందుకు ఎవ్వలు రారు.

ఇంజిన్ ఆయిల్ తోటి అయిపోతదా? ఎవోల ముంగటి చక్రాలకు, ఎనక చక్రాలకు పవర్ పంచే డబ్బాకు వేరే ఆయిల్. ఎనక డిఫరెన్షియల్‌కు వేరే. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉన్న రకమైతే దానికి వేరే ఆయిల్, వేరే ఫిల్టర్, అవి మామూలు దుకాన్ల దొరకయి. 2016ల మిత్సుబిషి ఎవో తయారు చేసుడే ఆపింది. మన దేశంల 2010ల హిందుస్తాన్ మోటార్స్ తోటి కలిసి దీన్ని అమ్మింది గని, ఇప్పుడు మిత్సుబిషి ఇక్కడ కొత్త కార్లే అమ్ముతలేదు. అంటే ఏ చిన్న పార్టు కావాలన్నా నంబర్ పట్టుకోని జపాన్‌కో దుబాయ్‌కో ఆర్డర్ పెట్టాలె, కస్టమ్స్ కట్టాలె, వచ్చే దాక బండి జాక్‌ల మీద నిలబడాలె. ఆ షెడ్డుల ఒక బండి గట్లనే నిలబడ్డది. దాని మీద దుమ్ము ఎంత మందం ఉన్నదంటే, ఎవడో ఏలు తోటి దిల్ గుర్తు గీసిండు.

ఉస్తాద్ మాటలల్ల నాకు అన్నిటికన్న నచ్చింది బ్రేకుల సంగతి. పవర్ పెంచుమని వచ్చినోళ్లకు ఆయన ముందు బ్రేకు ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు, రేడియేటర్ చూపెట్టి "ఇవి అయినంక రా" అంటడట. బ్రేక్ ఆయిల్ సుత తేమ గుంజుకుంటది. నీళ్లు పట్టిన ఆయిల్ గట్టి బ్రేకులకు మసిలి బుడగలొస్తయి, అప్పుడు పెడల్ మెత్తగ లోపటికి పోతది, బండి ఆగదు. రెండేండ్లకొకసారి మార్చాలె, గట్టిగ నడిపేటోడు ఇంకా ముందే మార్చాలె. దానికయ్యే ఖర్చు శానా తక్కువ. కాని ఎవడూ అడిగి మార్పించుకోడట. ఎందుకంటే బ్రేక్ ఆయిల్ మారిస్తే సౌండ్ రాదు, వీడియోల కనవడది.

ఇగ కాయిదాల కాడికొస్తే, నాకు కోపం వచ్చేది ఇక్కడనే. మన పోరగాళ్లు ఫోన్ల చూసి "25 ఏండ్లు దాటిన బండిని తెప్పించుకోవచ్చు మామా" అంటుండ్రు. గది అమెరికా రూలు. మన దగ్గర వాడిన కారును తెప్పించుకోవాలంటే అది తయారై మూడేండ్లు దాటొద్దు, స్టీరింగ్ కుడి దిక్కుండాలె, ముంబై పోర్టు నుంచే రావాలె. మీద పడే సుంకం బండి ధరకు మించి పోతది. బాగ పాత వింటేజ్ బండ్లకు వేరే లెక్క ఉన్నది గని 1990ల స్కైలైన్ అందుల రాదు. గల్ఫ్‌ల ఉన్న అన్నలు సుత జర ఇనుండ్రి. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎందరో మస్కట్, దుబాయ్‌ల కష్టపడుతుండ్రు, ఆడ సెకండ్ హ్యాండ్ జపాన్ బండ్లు చవుక. వచ్చేటప్పుడు ఎంబడి తెచ్చుకుందామన్న ఆశ ఉంటది. కాని ఆడి బండ్లకు స్టీరింగ్ ఎడమ దిక్కు. అది ఒక్కటి చాలు, ఈడ రిజిస్ట్రేషన్ కాకుంట చేసేతందుకు.

మరి గల్లిల కనవడే పాత జపాన్ బండ్లు ఎట్లొచ్చినయి? కొన్ని కంపెనీ ఈడ అమ్మినయే. ఎవో టెన్ గట్లనే వచ్చింది, నిస్సాన్ జీటీ-ఆర్ 2016 డిసెంబర్ల దాదాపు రెండు కోట్ల ధరకు గట్లనే వచ్చింది. కొన్నిటికి మాత్రం కథ వేరే. ముక్కలుగ కోసి స్పేర్ పార్టుల పేరు మీద దించి మల్ల అతికించినయి ఉంటయి, వేరే బండి నంబర్ మీద నడిచేటియి ఉంటయి. 2025 సెప్టెంబర్ల కేరళల కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ అని పెట్టి, భూటాన్ నుంచి దొంగతనంగ తెచ్చిండ్రన్న అనుమానం మీద బండ్లు పట్టుకున్నరు. సినిమా హీరోల ఇండ్లకు సుత పోయిండ్రు. హీరోకు వకీళ్లు ఉంటరు. భూమి పైసలు పెట్టి కొన్న మన పోరనికి ఎవరుంటరు? బండి పోతది, పైసలు పోతయి, కోర్టు తిరుగుడు మిగుల్తది.

కొనేటోడు చూడాల్సింది ఒకటే వరుస. ఆర్సీ మీదున్న చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద ఉన్నయా? మనిషి కూసోని, టార్చ్ కొట్టి, ఒక్కొక్క అక్షరం చూడాలె. వాహన్ పోర్టల్‌ల కొట్టి చూస్తే బండి వయసు, ఫైనాన్స్ ఉన్నదా లేదా, ఇన్సూరెన్స్ ఎప్పటి దాక అన్నది కనవడతది. బయట నుంచి తెచ్చిన బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ అని కస్టమ్స్ కాయిదం ఉంటది, గది అడగాలె. ఢిల్లీల 15 ఏండ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నయి గనుక, వయసు మీద పడ్డ బండ్లు చవుకగ మన దిక్కు వస్తయి. గసోంటి వాటికి ఆడి ఆర్టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ ఉండాలె, ఈడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబర్ మార్పించుకోవాలె. చవుక అన్నది అప్పటికి సగం కరిగిపోతది.

మోడిఫై చేసుడు మీద సుత చట్టం గట్టిగనే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారు చేసిన లెక్కకు భిన్నంగ బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కేరళ కేసుల గిదే మాట ఖాయం చేసింది. అదే ఏడు సవరించిన కేంద్ర చట్టంల, అనుమతి లేకుంట మార్చిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల జుర్మానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ అని రాసి ఉంది. ఇంజిన్ పాడై మార్చాలంటే ముందు ఆర్టీఏ పర్మిషన్, ఎనక ఆర్సీల కొత్త నంబర్. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుంట పవర్ పెంచినవనుకో, రేపు గుద్దుకుంటే క్లెయిమ్ కాడ వాళ్లకు మంచి సాకు దొరుకుతది. సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద తొక్కించే వీడియోలు మీరు చూసే ఉంటరు. నేను పోలీసోళ్ల దిక్కు మాట్లాడే మనిషిని కాదని మీకు ఎరుకే. కాని పసిపిల్లలున్న ఇంటి ముంగట రాత్రి పన్నెండు గంటలకు ఫట్ ఫట్ అనిపించేటోని దిక్కు సుత మాట్లాడలేను.

గీ ముచ్చట్ల నడుమ బండి కింద నుంచి ఒక పోరడు బయటికి వచ్చిండు. మక్తల్ దిక్కోడు. పాలమూరు వలస మనకు కొత్త కాదు, తండ్రి మట్టి పనికి పోతే కొడుకు పానాలు పట్టిండు, గంతే తేడా. చేతి మీద కాలిన మచ్చ ఉంది, రేడియేటర్ మూత వేడి మీద ఇప్పినప్పుడు నీళ్లు ఎగిసి పడ్డయట. కండ్లకు అద్దాలు లేవు, చేతులకు గ్లౌజులు లేవు, ఈఎస్ఐ కార్డు మాట అడిగితే నవ్విండు. అందరు చోటూ అంటుండ్రు. కాని టర్బో ఇరుసును ఏళ్ల నడుమ పట్టి అటు ఇటు కదిలించి "గింత ఆట ఉండొద్దు అన్నా" అని నాకు చూపెట్టిండు. ఎంత ఆట ఉండొచ్చో ఎంత ఉండొద్దో వాని ఏళ్లకు ఎరుక.

నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 ఇంజిన్‌ను జపాన్ల యోకోహామా ఫ్యాక్టరీల ఒక్కో ఇంజిన్ ఒక్క మనిషే మొదటి నుంచి చివరి దాక చేతి తోటి బిగిస్తడు. వాళ్లను తకుమి అంటరు, అంటే పనిల ఆరితేరినోళ్లు. మొత్తం కథల తొమ్మిది మందే తకుమిలు. ఇంజిన్ మీద వాళ్ల పేరు తోటి చిన్న రేకు బిగిస్తరు. 2025 ఆగస్టుల ఆఖరి బండి తయారయ్యే దాక, 18 ఏండ్లల్ల దాదాపు 48 వేల బండ్లు గట్లనే పోయినయి. అదే ఇంజిన్ అత్తాపూర్ల ఇప్పితే, మల్ల బిగించిన పోరని పేరు బిల్లు మీద సుత ఉండది. రెండు కోట్ల బండి ఓనర్ వెయ్యి రూపాయల లేబర్ చార్జి కాడ బేరం చేస్తడని ఉస్తాద్ చెప్పిండు. నాకు ఆశ్చర్యం అనిపించలే. కైకిలి కాడ బేరం చేసుడు మనకు తాతల నాటి అలవాటే కదా.

మన రాష్ట్రంల సర్కారు 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ తోటి కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మారుస్తుంది. మంచిదే. గా షెడ్లల్ల పదేండ్లు పని చేసినోని చేతికి సుత పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే తొవ్వ అందుల ఉండాలె. వానికి పుస్తకం తెల్వదు, స్కానర్‌ల ఇంగ్లిష్ కోడ్ మాత్రం నోటికి వస్తది. తెలుగుల గీ పని గురించి రాసిన పుస్తకం ఒక్కటి వాని చేతికి వస్తే, కాలిన మచ్చ తోటి నేర్సుకునే పాఠాలు కొన్ని తప్పుతయి.

స్పీడ్ గురించి ఒక్క మాట. మా పోరడు అవుటర్ మీద 200 కొట్టాలంటడు. 158 కిలోమీటర్ల అవుటర్ మీద కార్లకు లిమిట్ 120, అది సుత కుడి దిక్కు లేన్లల్లనే. 2011 సెప్టెంబర్ల అదే అవుటర్ మీద పుప్పాలగూడ కాడ క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ పడ్డడు, నాలుగైదు రోజులకు పానం పోయింది. 19 ఏండ్లు. ఎనక కూసున్న చుట్టాల పిలగాడు సుత పోయిండు. గది సుత జపాన్ బండే, వెయ్యి సీసీ సుజుకి బైకు. అది మంచి బండి, అందుల ఏం అనుమానం లేదు. రోడ్డు మీద మాత్రం ఆగి ఉన్న లారీ ఉంటది, రాంగ్ రూట్ల వచ్చే ట్రాక్టర్ ఉంటది, దాటే కుక్క ఉంటది. నిజంగ గా పిచ్చి ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైల 1990ల నుంచి రేసు ట్రాక్ ఉంది. హెల్మెట్ పెట్టుకోని, అంబులెన్స్ పక్కకు పెట్టుకోని ఆడ నడపొచ్చు. ఒక్క దినంల టైర్లు, బ్రేకులు ఎంత అరుగుతయో చూస్తే, బండిని సాకుడంటే ఏందో పైసలల్ల తెలుస్తది.

మేం లేచేటప్పుడు ఉస్తాద్ ఒక పొడుగు నోట్‌బుక్ తీసిండు. ఒక్కో బండికి ఒక్కో పేజీ. ఏ తారీఖు ఏ ఆయిల్ మార్చిండు, ఎన్ని కిలోమీటర్ల కాడ, ఏ సిలిండర్ల కంప్రెషన్ ఎంతొచ్చింది, అన్నీ ఉర్దూల రాసుకున్నడు. "నువ్వు కొందామనుకునే బండికి గిసోంటి పేజీ ఉంటే నా కాడికి తీస్కరా, ఫీజు లేకుంట చూస్తా. లేకుంటే రాకు" అన్నడు పోరని తోటి.

వాపస్ వచ్చేటప్పుడు ఆరాంఘర్ కాడ చాయ్ తాక్కుంట, పోరడు అమ్మేటాయనకు మెసేజ్ పెట్టిండు. సర్వీస్ బిల్లులు, కంప్రెషన్ టెస్ట్ కాయిదం, చాసిస్ నంబర్ ఫొటో పంపుమని. గంతకు ముందు దినాం రెండు సార్లు ఫోన్ చేసే మనిషి. ఇయ్యాల్టికి పదకొండు రోజులు. పోరడు నిన్న రాత్రి నాకు ఫోన్ చేసి, "మామా, వేరే నంబర్ నుంచి కొట్టి చూడనా?" అంటుండు.